బస్సు మాట

క్వెక్ గిమ్ హ్వా కష్టపడి గెలుచుకున్న మొదటి విజయం ఒక చిల్లర సంచి. బస్సు కండక్టర్లు మెడలో వేసుకునే తోలు సంచి. 1961లో దాన్ని సంపాదించడానికి ఆమె డిపో గేటు ముందు ఏడాదికి పైగా పడిగాపులు కాసింది. అప్పటిదాకా ఓడరేవు రూటులో ఆడమనిషి కండక్టరుగా ఎక్కిన దాఖలా లేదు. "నీ గొంతు వెనక సీటు దాకా పాకదు పిల్లా, పోయి కుట్టుపని నేర్చుకో" అని డిపో గుమాస్తాలు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వినకొద్దీ ఆమె మర్నాడు మరింత పెందలాడే వచ్చి నిలబడేది. చివరికి పోరు పడలేక ఇన్‌స్పెక్టరు మింజూట్, "సరే, ఒక్క ట్రిప్పు. నేను వెనక కూర్చుని చూస్తాను" అన్నాడు.

పొద్దున పూట ఓడరేవు బస్సంటే ఆషామాషీ కాదు. మూటలు మోసే, హోక్కియెన్ యాస చైనీసు మాట్లాడే కూలీలు, బుట్టలతో మలయ్ ఆడవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల ఇంగ్లీషు చదువుల గుమాస్తాలు, అందరూ తలుపు దగ్గరే గుమిగూడేవాళ్ళు. లోపల సగం బస్సు ఖాళీ. చైనీసులో అరిస్తే గుమాస్తాలు తమని కాదన్నట్టు కిటికీ వైపు తిరిగేవాళ్ళు. ఇంగ్లీషులో చెబితే కూలీలకు అది గాలి. గిమ్ హ్వా మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి గొంతెత్తింది.

"అన్నలూ, ఇన్‌సైడ్ జరగండి లా! లోపల బోలెడంత స్పేస్! డోర్ దగ్గర ఇంత టైట్‌గా నిలబడ్డారు, పెళ్ళి ఫోటో ఏమైనా తీస్తున్నారా? సార్, యూ కూడా! నీ బ్రీఫ్‌కేస్‌కి టికెట్ కొనలేదుగా, దానికి సీటెందుకు?"

సగం చైనీసు, సగం ఇంగ్లీషు, పైన తాలింపుగా 'లా' అనే మలయ్ ముక్క. బస్సంతా ఒక్కసారి నవ్వింది. నవ్వుతూనే వెనక్కి జరిగింది. ట్రిప్పు అయ్యాక మింజూట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నువ్వు మాట్లాడింది ఏ భాషో నాకు తెలియలేదు అమ్మాయ్. బస్సుకి మాత్రం తెలిసింది" అని సంచి ఆమె మెడలో వేశాడు.

ఆ నోటితో ఆమె చేసిన పనులు చెప్పుకోవాలి. మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు? టెర్మినస్‌లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేని రోజుల్లో తెల్లదొర మేనేజరు గదిలోకి నేరుగా నడిచి వెళ్ళి, "సార్, మేము కూడా హ్యూమన్ లా. పొద్దంతా బిగబట్టుకోవడానికి మేమేమైనా వాటర్ ట్యాంకులమా?" అని అడిగిన మనిషి ఆమె. దొర చెవులు ఎర్రబడ్డాయి, నెల తిరక్కుండా దొడ్డి లేచింది. ఊళ్ళో అల్లర్లు రేగిన 1964 జూలై సాయంత్రం బస్సులో చైనీయులూ మలయ్‌లూ ఒకరి మొహం ఒకరు చూడకుండా బిగుసుకుపోయి కూర్చుంటే, గిమ్ హ్వా రెండు వైపులవాళ్ళనీ ఒకే తిట్టుతో, ఒకే కొలతతో తిట్టి, కిటికీలు వేయించి, ఒక్కొక్కరినీ వాళ్ళ వీధి మొదట్లో దింపించింది. తిట్టడంలో పక్షపాతం లేదు గనుక ఎవరూ నొచ్చుకోలేదు. గేలాంగ్ దగ్గర బస్సులోనే నొప్పులు పడ్డ ఒక తమిళావిడకి డ్రైవరు చొక్కా పరిచి పురుడు పోసింది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో నర్సుగా ఉంది. కండక్టర్లను తీసేసి డ్రైవర్లే తలుపులు చూసుకునే కాలం వచ్చేదాకా ఆమె చేతి కింద తయారైనవాళ్ళు డిపో నిండా ఉండేవాళ్ళు. వాళ్ళంతా ఆమెలాగే మాట్లాడేవాళ్ళు. సంచి దిగాక బడి క్యాంటీన్‌లో నూడుల్స్ కొట్టు పెట్టింది. మొగుడు తొందరగానే పోతే ఒక్కగానొక్క కూతురు పెక్ హూన్‌ని ఆ కొట్టు మీదే యూనివర్సిటీలో చదివించింది. ఇంతా చేసి ఆమె చదువు చూస్తే, కంపాంగ్‌లో, అంటే తన పల్లెలో, జింకు రేకుల కింద నడిచిన బడిలో మూడో తరగతి.

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదు. అలాంటి నోటిని అరవై దాటాక మూసుకోమన్నారు. మూసుకోమన్నది పరాయివాళ్ళు కాదు.

కిందటి అక్టోబరు సంగతి. పెక్ హూన్ కొడుకు జున్ హావ్‌కి నాలుగేళ్ళు నిండవస్తున్నాయి. వాణ్ణి అందరూ బాయ్ అనే పిలుస్తారు. వాడికి మాటలు సరిగా రాలేదు. ఒక మాట, మహా అయితే రెండు. పెక్ హూన్ ప్రైమరీ బడిలో ఇంగ్లీషు టీచరు. అల్లుడు డెస్మండ్ ఓడల ఆఫీసులో పని. ఇద్దరూ చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. టోవా పాయోలో పదకొండో అంతస్తు ఇంట్లో పిల్లవాణ్ణి రెండు నెలల పసికందుగా ఉన్నప్పటి నుంచీ పెంచింది గిమ్ హ్వాయే. వాడు మాటలకు తడుముకుంటే, "మగపిల్లలు లేటు లా. మీ మామయ్య ఐదేళ్ళదాకా మూగనోము పట్టాడు, ఇప్పుడు ఇన్సూరెన్స్ అమ్ముతున్నాడు" అని కొట్టిపారేసేది. కూతురు మాత్రం కొట్టిపారేయలేదు. పిల్లలకు మాటలు నేర్పే నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. తోడుగా తల్లినీ రమ్మంది.

ఆ అమ్మాయి చిన్నది, నవ్వుమొహం. మర్యాదకు లోటు లేదు.

"ఇంట్లో బాబుతో ఎక్కువసేపు ఎవరుంటారు ఆంటీ?"

"నేనే మిస్. పొద్దున్నించి వీళ్ళు వచ్చేదాకా."

"వాడితో ఏ భాష మాట్లాడతారు?"

"మా మాటే."

"అంటే? హోక్కియెనా? ఇంగ్లీషా?"

"అదీ ఇదీ కలిపి. బస్సు మాట. అందరం మాట్లాడేదే కదా మిస్. నువ్వు మాత్రం బయట కాఫీ అడిగేటప్పుడు ఏం మాట్లాడతావు?"

ఆ అమ్మాయి నవ్వింది. పెక్ హూన్ నవ్వలేదు.

తర్వాత బొమ్మల అట్టలు తీసింది. బంతి చూపిస్తే బాయ్ పలకలేదు. పిల్లి చూపిస్తే నేల చూశాడు. కుర్చీకీ అంతే. ఆ తర్వాత అట్ట మీద ఎర్రబస్సు వచ్చింది. వాడు కుర్చీలోంచి సగం లేచాడు.

"బస్ వచ్చేసింది లా!" అన్నాడు.

పుట్టి ఇన్నాళ్ళకి వాడి నోటి నుంచి ఒక పూర్తి వాక్యం! తలా తోకా ఉన్న వాక్యం! 'బస్' ఇంగ్లీషు, 'వచ్చేసింది' అన్న ముక్క వాడు పలికింది చైనీసులో, 'లా' ఈ దేశంలో పుట్టిన ప్రతివాడి నోటి ఉప్పు. గిమ్ హ్వా చప్పట్లు కొట్టబోయింది. ఇంతలో ఆ అమ్మాయి కాగితం మీద ఒకచోట చిన్న టిక్కు పెట్టి, "గుడ్! బస్. ఒక మాట" అంది.

"ఒక మాటా?" అంది గిమ్ హ్వా. "మిస్, వాడు మొత్తం చెప్పాడుగా! బస్సు వచ్చిందని చెప్పాడు."

"మనం ఇంగ్లీషులో చూస్తున్నాం ఆంటీ. ఇంగ్లీషు మాట ఒకటే ఉంది."

"మరి మిగతాది ఎక్కడికి పోయింది? గాల్లోకా?"

"అమ్మా, ప్లీజ్" అంది పెక్ హూన్.

గిమ్ హ్వాని కాసేపు బయట కూర్చోమన్నారు. మళ్ళీ లోపలికి పిలిచాక ఆ అమ్మాయి మెత్తగా చెప్పింది. పిల్లవాడు వెనకబడి ఉన్నాడు. ఇంట్లో వినిపించేది కలగాపులగంగా ఉంటే వాడు దేన్నీ పట్టుకోలేడు. ఒక భాష ఎంచుకోండి. ఇంగ్లీషే మంచిది, బడిలో పనికొస్తుంది. పూర్తి వాక్యాలు మాట్లాడండి. వాడు కలిపి మాట్లాడితే అందుకోవద్దు, సరిగ్గా చెప్పేదాకా ఆగండి. మార్చిలో మళ్ళీ చూద్దాం.

"మాకు భాష ఉంది కదా మిస్, మళ్ళీ ఇంకోటి ఎంచుకోవడమేంటి?"

"ఆంటీ, తప్పుగా అనుకోకండి. అది భాష కాదు. రెండు భాషలు విరగ్గొట్టిన ముక్కలు."

"ఆ ముక్కలతోనే ఇదిగో, వీళ్ళమ్మని యూనివర్సిటీకి పంపాను."

ఆ అమ్మాయి జాలిగా చూసింది. ఆ జాలే గిమ్ హ్వాకి ఒళ్ళు మండించింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేది.

మర్నాటి నుంచి ఇంట్లో ఇంగ్లీషు రాజ్యం. పెక్ హూన్ ఫ్రిజ్ మీద ఏమీ అంటించలేదు గానీ, బడికి వెళ్ళేముందు తలుపు దగ్గర నిలబడి తల్లికి అప్పజెప్పేది: "పూర్తి వాక్యాలు అమ్మా. కలపొద్దు. వాడు కలిపితే పలకొద్దు." గిమ్ హ్వా సరే అంది. మనవడి మంచికంటే తన నోరు ఎక్కువా? ఇరవై ఏళ్ళు బస్సుని అదుపులో పెట్టిన మనిషి తన నాలుకను పెట్టుకోలేదా?

పెట్టుకోలేకపోయింది. అరటిపండు చూపించి "దిస్ ఈజ్ ఎ బనానా" అనేది. ఆ తర్వాత ఏం అనాలో తోచేది కాదు. అరటిపండు గురించి ఆమె దగ్గర చెప్పడానికి బోలెడంత ఉంది. తన కంపాంగ్‌లో చెట్టు కింద కోతి చేసిన పని, అత్తగారు గెల దాచిపెట్టి మర్చిపోయిన కథ, పండు మెత్తబడితే పిండిలో ముంచి వేయించే తీరు. అవన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయేవి. ఇంగ్లీషులో బనానా బనానాగానే ఉండిపోయేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ పండు వంక చూసేవాళ్ళు. చివరికి ఆమే వలిచి పెట్టేది.

కారిడార్‌లో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి హలీమా పలకరించింది. మలయ్ మనిషి. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ ఇరుగు.

"ఏంటి గిమ్ హ్వా, పన్ను పీకించుకున్నావా? వారం నుంచి మీ ఇంట్లో చడీచప్పుడూ లేదు. చచ్చావేమోనని తలుపు కొడదామనుకున్నా."

"నో టాకింగ్ అన్నారు."

"ఎవరు? ప్రభుత్వమా?"

"ప్రభుత్వమైతే ఎదురు చెబుదును. నా కూతురు." గిమ్ హ్వా తడి చొక్కాను వెదురుగడకి గుచ్చి దులిపింది. "నేను మాట్లాడేది భాష కాదట లా. భాష కాకపోతే ఇన్నేళ్ళూ ఏం చేశాను? కుక్కలా మొరిగానా? నీకు అర్థమైందా లేదా?"

"నాకు అర్థం కాకపోతే బాగుండేది. నీ బూతులన్నీ నేర్చుకున్నాను."

హలీమా నవ్వించాలనే చూసింది. గిమ్ హ్వాకి నవ్వు రాలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఆమె కూరగాయలు తరుగుతుంటే బాయ్ వచ్చి లుంగీ కొస పట్టుకున్నాడు. "ఆహ్ మా, వాంట్ నీళ్ళు" అన్నాడు. ఆహ్ మా అంటే అమ్మమ్మ. వాడి మాట స్పష్టంగా ఉంది. ఏం కావాలో ఎవరు కావాలో రెండూ ఉన్నాయి. గిమ్ హ్వా చెయ్యి కూజా మీదికి వెళ్ళింది. వెళ్ళినది ఆగింది. 'వాడు సరిగ్గా చెప్పేదాకా ఆగు.'

"సే ప్రాపర్లీ, బాయ్" అంది.

వాడు ఆమె మొహంలోకి చూశాడు. మళ్ళీ అదే అన్నాడు, ఈసారి చిన్నగా. ఆమె కళ్ళు ఉల్లిపాయల మీద పెట్టుకుంది. వాడు లుంగీ వదిలేశాడు. కాసేపటికి స్నానాల గదిలో కుళాయి చప్పుడు వినిపించి వెళ్ళి చూస్తే, బకెట్ మీద వంగి దోసిలితో తాగుతున్నాడు. చొక్కా అంతా తడిసిపోయింది.

ఆ రోజు సాయంత్రం కూతురికి చెప్పింది. "దాహమేసి నీళ్ళడిగితే పరీక్ష పెట్టాను లా. నా చేత్తో." పెక్ హూన్ ఎర్రబడ్డ కళ్ళతో, "కొన్నాళ్ళు ఓర్చుకో అమ్మా. నాకు మాత్రం బాగుందా?" అంది. ఇద్దరికీ బాగులేదు. బాగులేనిదాన్ని ఇద్దరూ మందులా మింగుతున్నారు. పిల్లవాడు మాత్రం రోజురోజుకీ మాట తగ్గించాడు. 'బస్' కూడా అనడం మానేశాడు.

డిసెంబరులో ఒక ఆదివారం వియ్యంకుడు యియో గారు భోజనానికి వచ్చాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఏ చైనీయుల ఇంట్లోనైనా ఉన్న పద్ధతే ఈ ఇంట్లోనూ ఉంది. బల్ల మీద అన్నీ అమరాక, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను ఒక్కొక్కరినే పిలవాలి. తాతా తిను, అమ్మమ్మా తిను, నాన్నా తిను, అమ్మా తిను. అందరికంటే పెద్దవారితో మొదలుపెట్టి కిందికి రావాలి. పిలుపు అందనిదే పెద్దవాళ్ళు అన్నం తినే పుల్లలు ఎత్తరు. పిలవనిదే చిన్నవాళ్ళు ముద్ద ఎత్తరు. బాయ్‌కి మాటలు రాకపోయినా ఈ ఒక్కటి వచ్చేది. వాడి పద్ధతిలో, సగం సగం, వేలు చూపించి.

ఆ ఆదివారానికి పెక్ హూన్ వాడికి ఇంగ్లీషు వాక్యం నేర్పింది. నాలుగు రోజులు వల్లె వేయించింది. బల్ల మీద అల్లం, ఉప్పు ఊరిన రేగుపళ్ళు వేసి ఉడికించిన చందువ చేప పొగలు కక్కుతోంది.

"చెప్పు నాన్నా" అంది పెక్ హూన్ ఇంగ్లీషులో. "తాతగారూ, దయచేసి భోజనం ప్రారంభించండి."

యియో గారు తెల్లబోయి కొడుకు వంక చూశాడు. "ఏంట్రా ఇది? నన్ను హోటల్లో కూర్చోబెట్టారా?"

"డాక్టరు చెప్పింది నాన్నా" అన్నాడు డెస్మండ్ గొణుగుతూ.

బాయ్ నోరు తెరిచాడు, మూశాడు. "గ్రా..." అని ఆగిపోయాడు. పెక్ హూన్ మళ్ళీ చెప్పింది. వాడు బల్ల అంచు గోకడం మొదలుపెట్టాడు. చేప మీద పొగ తగ్గింది. యియో గారు పుల్లల వంక చూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పిలవకుండా తిని ఎరగడు. గిమ్ హ్వా కూడా కదల్లేదు.

"అన్నయ్యగారూ, మీరు కానివ్వండి. పిల్లాడికి ఈ రోజు ఒంట్లో బాగులేదు" అంది ఆమె, మర్యాదకి.

"మీరు కానివ్వనిదే నేనెలా చెల్లెమ్మగారూ? ఆకలి నాకేం కొత్త కాదు. జపాన్‌వాళ్ళ కాలంలో కర్రపెండలం తిని బతికాం."

"చెప్పు బాయ్. చెబితే అందరూ తింటారు" అంది పెక్ హూన్. గొంతు టీచరుది అయిపోయింది.

వాడు తల్లి వంక చూడలేదు. తన గిన్నె రెండు చేతులతో ఎత్తి గిమ్ హ్వా ముందుకి తోశాడు. "ఆహ్ మా, ఈట్ లా. కోల్డ్ అయిపోతుంది" అన్నాడు.

వాడు ఇన్ని వారాలుగా అన్నది అదొక్కటే. అంతకుముందు ఎప్పుడూ అననంత పొడవైనది కూడా అదే. చల్లారిపోతుందని కారణం కూడా చెప్పాడు.

గిమ్ హ్వా చెయ్యి పుల్లల మీదికి వెళ్ళింది.

"ఆగు అమ్మా. బాయ్, సరిగ్గా చెప్పు."

"చెప్పాడుగా!"

"సరిగ్గా చెప్పలేదు."

"ఇంతకంటే సరిగ్గా ఎలా చెబుతారే? నన్ను పిలిచాడు. తినమన్నాడు. చల్లారుతుందన్నాడు. నీకు అర్థమైందా లేదా? మీ మామగారికి అర్థమైందా లేదా? అర్థమయ్యాక ఇంకా ఏం కావాలి, ముద్రా?"

"ముద్రే కావాలి అమ్మా!" పెక్ హూన్ తన పుల్లలు పక్కకి నెట్టింది. "నీకు అక్కర్లేకపోయింది. నాకు కావలసి వచ్చింది. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో ఎందుకు తప్పానో నీకు ఎప్పుడైనా చెప్పానా? లోపల ముగ్గురున్నారు. భయంలో నా నోట్లోంచి నీ బస్సు వచ్చింది. ఒకాయన నవ్వాడు. తర్వాత నేను ఏం చెప్పినా చివర 'లా' చేర్చి ఆయనే తిరిగి అన్నాడు. సరదాగా. వాళ్ళు చెడ్డవాళ్ళు కూడా కాదు. నవ్వు ఆపుకోలేకపోయారు, అంతే."

"నవ్వితే నవ్వనీ. నా బస్సు నవ్వలేదా?"

"నీ బస్సు నీతో కలిసి నవ్వింది. వాళ్ళు నన్ను చూసి నవ్వారు."

పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ గదిలోంచి ఒక్కతే ఇంటికి వచ్చి 'స్కాలర్‌షిప్‌లు అయిపోయాయన్నారు అమ్మా' అని చెప్పడం గిమ్ హ్వాకి గుర్తొచ్చింది. ఆ రోజు తను నూడుల్స్ కుండ దించి, 'పోతే పోనీ, మనకి చేతులున్నాయి లా' అంది. అది విని పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అప్పుడు అర్థం కాలేదు.

అయినా బాయ్ గిన్నె ఇంకా ఆమె ముందే ఉంది. వాడి చేతులు ఇంకా దాని మీదే ఉన్నాయి. వాడు చూస్తున్నాడు.

గిమ్ హ్వా చేప పొట్ట దగ్గర మెత్తటి ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. "గుడ్ బాయ్. ఆహ్ మా తింటోంది" అంది.

యియో గారు గొంతు సవరించుకున్నాడు. "నన్ను ఇంకా ఎవరూ పిలవలేదు."

బాయ్ ఆయన వైపు వేలు చూపించి, "ఆహ్ కాంగ్, ఈట్ లా" అన్నాడు. ఆయన పుల్లలు ఎత్తాడు.

పెక్ హూన్ లేచి పిల్లవాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది. వాడు గీ పెట్టాడు. ఆ ఏడుపులో ఏ భాషా లేదు. డెస్మండ్ చేపని చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన ఒక్కడే తిన్నాడు, అదీ మొహమాటానికి.

గిన్నెలు కడిగేటప్పుడు పెక్ హూన్ వచ్చి పక్కన నిలబడింది. "వాణ్ణి సోమవారం నుంచి చైల్డ్‌కేర్‌లో వేస్తున్నాను" అంది. "అక్కడ అందరూ ఇంగ్లీషే. నీ మీద కోపంతో కాదు."

"కోపం లేకుండా ఇంత పని చేస్తే, కోపమొస్తే ఏం చేస్తావు?"

"ఇవాళ నువ్వు తినకుండా ఉంటే వాడు ఆ వాక్యం చెప్పేవాడేమో!"

"నేను తినకపోతే వాడు ఇంకెప్పుడూ ఎవరినీ పిలిచేవాడు కాదేమో! నీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ మిస్‌కి మాత్రం అంతా తెలుసు."

పిల్లవాణ్ణి పొద్దున్నే పంపించేసి ఖాళీ ఇంట్లో కూర్చోవడం మొదలయ్యాక గిమ్ హ్వాకి పిచ్చెక్కినట్టయింది. వాడు సాయంత్రం వచ్చేసరికి అలిసిపోయి ఉండేవాడు. ఆమె మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే వాడు మొహం వేలాడేసేవాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. తిట్టడానికి ఎవరూ లేరు. కూతురు దుర్మార్గురాలైతే చిటికెలో తేల్చేసేది. అది దుర్మార్గురాలు కాదు, భయపడ్డ తల్లి. తన నోటి వల్ల దెబ్బతిన్న పిల్ల. ఇది తలచుకున్నప్పుడల్లా కోపం తిరిగి తన మీదికే వచ్చేది. తన మీద నిలవక ఆ టిక్కు పెట్టిన అమ్మాయి మీదికి వెళ్ళేది. అక్కడా నిలిచేది కాదు.

జనవరి మొదట్లో ఆమె కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది.

"నేను సరిహద్దు అవతల ముఆర్‌లో మీ పిన్ని దగ్గరికి పోతాను. ఇంట్లో ఉంటే నోరు మూసుకోలేను, తెరిస్తే నీ మందు పాడవుతుంది. మార్చి దాకా నీ పద్ధతిలో నడిపించు. మధ్యలో నేను అడ్డురాను. తర్వాత నన్ను అనడానికి లేదు."

"వెళ్ళమని నేను అనలేదమ్మా."

"అనలేదు. అందుకే వెళ్ళగలుగుతున్నా. కానీ ఒకటి. మార్చి పరీక్షకి నేనూ లోపల కూర్చుంటాను. వాడు నోరు తెరిచి ఏం అన్నా, ఏ ముక్క ఏ భాషదైనా, మొత్తం రాయాలి. మార్కులు వేయొద్దు, పోనీ. రాస్తే చాలు."

"అడుగుతాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను."

అడిగింది. పాపం, ఆ మాత్రం న్యాయం చేసింది. ఫోన్ పెట్టేసి వచ్చి చెప్పింది. అమ్మమ్మ లోపల కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. రాయడం సంగతి చూద్దాం అన్నారు.

"చూద్దాం!" అంది గిమ్ హ్వా. "ఈ మాట మాత్రం ఏ భాషలోనైనా ఒకటే లా."

సంచి సర్దుకుంటుంటే హలీమా గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "మీ చైనా కొత్త సంవత్సరం భోజనానికి కూడా ఉండవా? ఇంటికి పెద్దదానివి, ఆ రాత్రి బల్ల దగ్గర లేకపోతే జనం ఏమనుకుంటారు?"

"ఉంటే బల్ల మీద ఇంకో చేప చల్లారుతుంది. అది చూడలేను."

"అంత పంతమా?"

"పంతం కాదే. చేతకాక. నేను దేనికైనా ఎదురెళ్ళగలను, నా పిల్లకి ఎదురెళ్ళలేకపోతున్నాను. అదీ కడుపుమంట."

కొత్త సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చి వెళ్ళింది. ముఆర్‌లో చెల్లెలి మనవలు గిమ్ హ్వా చుట్టూ మూగి, నోటికి వచ్చిన కలగలుపు మాటల్లో తినమని పిలిచారు. ఆమె తిన్నది. రుచి తెలియలేదు.

శనివారాలు డెస్మండ్ ఫోన్ చేస్తాడు. మొదటి రెండు మూడు సార్లు అవతల నుంచి బాయ్ ఊపిరి మాత్రమే వినిపించింది. కిందటి శనివారం మాట వినిపించింది. ఇంగ్లీషులో, తప్పు లేకుండా, చివరిదాకా: "హలో అమ్మమ్మా. మీరు ఎలా ఉన్నారు? నేను బాగున్నాను."

పూర్తి వాక్యాలు, ఒకదాని వెనక ఒకటి, రెండు! గిమ్ హ్వాకి ఊరంతా చాటాలనిపించింది. అదే క్షణంలో ఫోన్ నేలకేసి కొట్టాలనీ అనిపించింది. ఎవరి పిల్లాడో ఎవరి అమ్మమ్మనో పలకరిస్తున్నట్టుంది. ఏమనాలో తెలియక "ఫైన్, థాంక్యూ" అంది. వాడు కూడా అంతవరకే నేర్చుకున్నాడు కాబోలు, ఆగిపోయాడు. చైల్డ్‌కేర్ గెలిచిందా, పిల్లాడు తన వేళకు తను విచ్చుకున్నాడా, తను వెళ్ళిపోవడం మంచిదైందా చెడ్డదైందా, దేనికీ ఆమె దగ్గర తీర్పు లేదు. "చెప్పాడు లా, బాగా చెప్పాడు" అని అల్లుడితో అని ఫోన్ పెట్టేసి, చెల్లెలు అన్నానికి పిలిచినా వినిపించుకోకుండా వాకిట్లో కూర్చుంది.

పరీక్షకి వెళ్ళాల్సిందేనా అని చెల్లెలు అడిగితే మాత్రం వెంటనే జవాబిచ్చింది. "వెళ్ళాలి. వాడు ఏం మాట్లాడినా అక్కడ విన్నవాళ్ళు ఒకరుండాలి. నోరు విప్పొద్దన్నారు, చెవులు మూసుకోమనలేదుగా!"

పరీక్ష మార్చి పద్నాలుగో తేదీ, మంగళవారం పొద్దున. గిమ్ హ్వా ముందు రోజే, 2000 మార్చి పదమూడు, సోమవారం మధ్యాహ్నం బస్సుకి వస్తోంది.